ఒప్పుకున్న కూలి, న్యాయమైన కూలి

“అతను ఒప్పుకునే కదా పనిలోకి వచ్చాడు! మేమేమైనా బలవంతం చేశామా?”

కూలీల విషయంలో మన ఇళ్ళల్లో తరచుగా వినబడే మాట ఇది. ఇతరుల సంగతి అలా ఉంచండి, మేమూ అన్న మాటే. ఇది ఎంతవరకు చెల్లే మాట అన్నదే ఈ వ్యాసంలో మా చర్చ. ముందుగా మా ఇంట్లో జరిగిన విషయం చెబుతాము.

షాబాన్ నెలలో, రంజాన్ ఇంకా మూడు వారాలుందనగా, కాప్రాలోని మా ఇంటికి రంగులు వేయించాము. అడ్డా మీది నుండి ఒక పెయింటరును, అతనితో పాటు ఒక కుర్రవాణ్ణి పిలుచుకొచ్చాము. అతను తనకు రోజుకు 1,100 రూపాయలు, కుర్రవాడికి 600 రూపాయలు అడిగాడు. అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర దాటింది. పని దొరికినవారంతా వెళ్ళిపోగా, అడ్డా మీద మిగిలింది నలుగురైదుగురే. ఆ వేళకు కూడా పిలుపు రాని కూలీకి ఆ రోజు పోయినట్టే. ఈ సంగతి అతనికి తెలుసు, మాకూ తెలుసు. కుర్రవాడి 600 అలాగే ఉంచి అతని కూలిని 900 అన్నాము. అతను కాసేపు నేలచూపులు చూసి సరేనన్నాడు. మేము రెండు వందలు మిగిల్చామని సంతోషపడ్డాము.

పని తొమ్మిది రోజులు సాగింది. లప్పం పెట్టారు, ఎమరీ పేపరుతో గోడలు రుద్దారు, ప్రైమరు వేశారు, దాని మీద రెండు కోట్లు రంగు వేశారు. చివరి రోజు సాయంత్రం మెట్ల గోడ మీద అరచేయంత మచ్చ కనబడింది. మొత్తం 13,500 రూపాయలకుగాను 11,500 చేతిలో పెట్టి, “రేపు వచ్చి ఆ మచ్చ సరిచేసి మిగతా రెండు వేలు తీసుకెళ్ళు తమ్ముడూ” అన్నాము. అతను “సరే సార్” అని బ్రష్షులు కడుక్కుని వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. మొదట్లో మాకు కోపమే వచ్చింది. పని సగంలో వదిలేసినవాడికి డబ్బేమిటి అనుకున్నాము. రెండు వేలూ ఒక కవరులో పెట్టి అల్మారాలో పడేశాము.

రంజాన్ వచ్చింది. ఒక రాత్రి తరావీహ్ తర్వాత పిల్లలకు గుహలో చిక్కుకున్న ముగ్గురు మనుషుల హదీసు వినిపిస్తున్నాము. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. పాఠకులలో చాలామందికి తెలిసిందే. గుహ ద్వారానికి బండరాయి అడ్డుపడినప్పుడు ఆ ముగ్గురూ తాము అల్లాహ్ ప్రసన్నత కోసం చేసిన ఒక్కొక్క మంచిపనిని అడ్డుపెట్టి వేడుకుంటారు. వారిలో ఒకతను తన దగ్గర కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన పనివాడి సంగతి చెబుతాడు. వదిలిపెట్టి వెళ్ళిన కొద్దిపాటి గింజల్ని అతను విత్తాడు, పెంచాడు, అవి క్రమంగా పశువుల మందలయ్యాయి. చాలాకాలం తర్వాత ఆ పనివాడు వచ్చి తన కూలి అడిగితే, ఆ మందలన్నీ నీవేనని తోలిపంపాడు. ఇంతవరకు చెప్పగానే మా చిన్నవాడు అడిగాడు: “మరి అల్మారాలో ఉన్న కవరు?”

దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది.

కాప్రా ప్రాంతాన్ని ఎరిగినవారికి ఇక్కడ రంగుల పనికి ఎంత గిరాకీ ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒకప్పుడు చెరువు, పొలాలు, వాటి మధ్య ఒక ఊరు. 1967లో ఇసిఐఎల్ ఏర్పడింది, సైనికపురి లాంటి కాలనీలు వెలిశాయి, ఆ తర్వాత ఎ.ఎస్. రావు నగర్, కుషాయిగూడ చుట్టూ బస్తీలు, అపార్ట్‌మెంట్లు అల్లుకుపోయాయి. 2007లో కాప్రా మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఇన్ని ఇళ్ళ గోడలకు లప్పం పెట్టి, రంగు వేసి నిలబెడుతున్నవారు ఎవరు? శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చినవారు, ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారు, వారితో పాటు మన ముస్లిం యువకులు కూడా. చదువు మధ్యలో ఆగిపోయిన మన పిల్లలు ఎంతోమంది ఏ మామ వెంటనో, ఏ అన్న వెంటనో వెళ్ళి ఈ పనిలోనే కుదురుకుంటున్నారు. ఆ విధంగా చూస్తే ఇల్లు వేయించుకునేవాడు, ఇల్లు వేసేవాడు జుమా నాడు ఒకే సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడుతున్నారు. సలాం తిప్పిన తర్వాత ఒకడు మరొకడికి బాకీ.

ఇక్కడొక అపోహ తొలగించుకోవాలి. పనివాడు మన మతస్థుడైతేనే ఈ హక్కులు వర్తిస్తాయని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. హిజ్రత్ ప్రయాణంలో దారి చూపడానికి దైవప్రవక్త (సల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) కూలికి కుదుర్చుకున్న వ్యక్తి అప్పటికి ఖురైషుల ధర్మం మీదనే ఉన్నవాడు. తమ ప్రాణాలనే అతని నమ్మకానికి అప్పగించారు. ఇమామ్ బుఖారీ ఈ సంఘటనను కూలి వ్యవహారాల అధ్యాయంలోనే చేర్చారు. మా పెయింటరు కూడా ముస్లిం కాదు, శ్రీకాకుళం వైపువాడు. మా మీద అతని హక్కు దానివల్ల ఇసుమంత కూడా తగ్గదు.

అవసరంలో ఉన్నవాడి అంగీకారం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. అతను 900కి ఒప్పుకున్నాడు. ఒప్పందం చెల్లుతుందా? చెల్లుతుంది. ఏ ముఫ్తీ సాహెబును అడిగినా అదే చెబుతారు. ఇద్దరూ ఇష్టపడి, ఫలానా పనికి ఫలానా కూలి అని తేల్చుకుంటే ఆ ఒప్పందం ధర్మసమ్మతమే. అయితే ఒప్పందం చెల్లడం వేరు, మనం న్యాయం చేశామని అల్లాహ్ ముందు చెప్పగలగడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే మన పరీక్ష ఉంది.

దివ్యఖుర్ఆన్‌లో ఖసస్ సూరా చదవండి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు నుండి ప్రాణభయంతో పారిపోయి మద్‌యన్ చేరుకుంటారు. చేతిలో ఏమీ లేదు. తలదాచుకునే చోటు లేదు. వెనక్కి వెళితే చంపుతారు. అటువంటి స్థితిలోనే ఆయన బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లల గొర్రెలకు నీళ్ళు పెట్టి, వారిని ఏమీ అడగకుండా నీడలోకి వెళ్ళి కూర్చుని తన ప్రభువును వేడుకున్నారు. మరి ఆ అమ్మాయిల తండ్రి ఏం చేశాడు? అడగని కూలి ఇవ్వడానికి మనిషిని పంపి పిలిపించాడు. ఆ తర్వాత మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకునే మాట వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళని గడువు చెప్పాడు, పదేళ్ళు చేస్తే అది నీ ఇష్టం అన్నాడు, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని కూడా స్పష్టం చేశాడు.

మేము ఈ వృత్తాంతాన్ని ఎన్నోసార్లు చదివాము. కాని ఆ తొమ్మిదిన్నర గంటల అడ్డాను గుర్తు చేసుకుంటూ ఎన్నడూ చదవలేదు. బేరమాడటానికి మూసా (అలైహిస్సలాం) కంటే అనువైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? తిండి పెడితే చాలు, పదేళ్ళు చేసిపెట్టేవాడే. ఆ పెద్దమనిషి ఎదుటివాడి అవసరాన్ని చూశాడు గాని దాన్ని తన లాభానికి వాడుకోలేదు. మేము అవసరాన్ని చూశాము, చూసి రెండు వందలు కోశాము.

అలాగని పనివాడు అడిగినంతా కళ్ళు మూసుకుని ఇవ్వాలని ఇస్లాం చెప్పలేదు. బేరం ఆడటం నిషిద్ధం కాదు. దైవప్రవక్త (సల్లం) హయాంలో ధరలు పెరిగినప్పుడు ధర నిర్ణయించమని ప్రజలు కోరితే ఆయన అందుకు అంగీకరించలేదు. అయితే ధర్మశాస్త్రవేత్తలు ఒక కొలబద్ద ఇచ్చారు. దాన్ని ‘ఉజ్రతె మిస్ల్’ అంటారు. అంటే అదే పనికి, అదే నైపుణ్యానికి, అదే ఊళ్ళో, అదే కాలంలో సాధారణంగా దొరికే కూలి. కూలి తేల్చుకోకుండా పని చేయించుకుంటే చివరకు ఈ కొలబద్ద ప్రకారమే ఇవ్వాలన్నారు. ఇమామ్ ఇబ్నె తైమియా తన ‘అల్ హిస్బా’ గ్రంథంలో, ప్రజలకు తప్పనిసరైన వృత్తుల విషయంలో ఇటు పనివారు ఎక్కువ గుంజకుండా, అటు చేయించుకునేవారు తక్కువ ఇవ్వకుండా ప్రభుత్వం ఈ కొలబద్దను అమలు చేయవచ్చునని రాశారు. మా వీధిలో ఆ నెలలోనే మరో రెండు ఇళ్ళకు రంగులు పడ్డాయి. విచారిస్తే రెండు చోట్లా పెయింటరుకు రోజుకు 1,100 ఇచ్చారని తెలిసింది. అంటే అతను అడిగింది ఎక్కువేమీ కాదు.

“రోజుకు 900 అంటే తక్కువా? నెలకు ఇరవై ఏడు వేలు!” అని లెక్కగట్టేవారున్నారు. ఈ లెక్క కాగితం మీదిదే. వానాకాలంలో బయటి గోడల పని ఉండదు. పండుగలకు, పెళ్ళిళ్ళకు ముందు మనందరికీ ఒకేసారి రంగులు గుర్తుకొస్తాయి, తర్వాత నెలల తరబడి గుర్తుకు రావు. ఒక ఇల్లు అయిపోయి మరో ఇల్లు దొరికేదాకా ఖాళీ. నెలకు 18 రోజులు పని దొరికిందనుకుందాం, 900 చొప్పున 16,200. అందులోనే ఇంటి అద్దె, ఊరికి పంపేది, పిల్లల ఫీజులు, బస్సు చార్జీలు, బ్రష్షులు, రోలర్లు. జీతగాడు ఆదివారం పడుకున్నా జీతం వస్తుంది. దినకూలీకి జ్వరం వస్తే రెండు నష్టాలు, మందుల ఖర్చొకటి, పోయిన కూలి మరొకటి. కాబట్టి అతని రోజుకూలిలో పని లేని రోజుల అన్నం కూడా కలిసి ఉండాలి. ఈ విషయం అతనికి తెలుసు కాబట్టే 1,100 అడిగాడు.

పైగా ఇది ఒళ్ళు గుల్ల చేసే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే పెయింటరు వృత్తిని క్యాన్సర్ కలిగించే వృత్తులలో చేర్చింది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. మరి అంతకు ముందు వేసిన పాత ఎనామిల్ రంగులు మన కిటికీల మీద, తలుపుల మీద ఇంకా ఉన్నాయి. వాటిని ఎమరీ పేపరుతో రుద్దేటప్పుడు లేచే ధూళి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది? మా ఇంట్లో ఆ కుర్రవాడు ముఖానికి పాత చేతిరుమాలు కట్టుకుని రుద్దాడు. మేము మా పిల్లలను మాత్రం ఆ గదిలోకి రానివ్వలేదు. మాస్కు కొనిస్తే ఎంతవుతుంది? ఆ ఆలోచనే రాలేదు.

దినకూలి, గుత్త

మన ఫిఖ్ గ్రంథాల్లో పనివారిని రెండు రకాలుగా చూశారు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా గొడవలు వస్తున్నాయి. తన సమయాన్ని ఒకరికి అప్పగించేవాడు ‘అజీరె ఖాస్’. దినకూలీ, నెలజీతగాడు ఈ కోవలోకి వస్తారు. ఒక పనిని పూర్తిచేసి ఇస్తానని ఒప్పుకునేవాడు ‘అజీరె ముష్తరక్’. చదరపు అడుగుకు ఇంత అనో, ఇల్లు మొత్తానికి ఇంత అనో గుత్తకు తీసుకున్న మేస్త్రీ ఈ కోవలోకి వస్తాడు.

రెండోవాడికి పని పూర్తయితేనే కూలి. మొదటివాడు పనికి సిద్ధంగా వచ్చి నిలబడితే చాలు, కూలి హక్కయిపోతుంది. ఆ రోజు రంగు డబ్బాలు రాలేదనుకోండి, కరెంటు లేక మోటరు ఆడక నీళ్ళు లేవనుకోండి, దినకూలీ మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చున్నాడనుకోండి. ఆ పూట కూలి కోయడానికి మనకు హక్కు లేదు. రంగు తెప్పించడం మన పని. అలాగే ఫర్జ్ నమాజుకు పట్టిన సమయానికి కూలి కోయరాదు. అజాగ్రత్త లేకుండా చేతిలో డబ్బా జారి ఒలికినా, టైల్ పగిలినా దినకూలీ దానికి బాధ్యుడు కాడు, అతను అమానతు మోసేవాడితో సమానం. తెలిసి పాడుచేస్తే, లేదా నిర్లక్ష్యం చేస్తే అది వేరే సంగతి.

ఈ నియమం చదివిన తర్వాత మాకు మెట్ల గోడ మచ్చ గుర్తొచ్చింది. అతను మా దగ్గర దినకూలి. తొమ్మిది రోజులు ఉదయం నుండి సాయంత్రం దాకా పనిచేశాడు. తొమ్మిది రోజుల కూలీ ఆ సాయంత్రానికే అతని హక్కయింది. మచ్చ సరిచేయించుకోవాలంటే పదో రోజు కూలి ఇచ్చి చేయించుకోవాలి గాని, తొమ్మిది రోజుల కూలిలోంచి రెండు వేలు తాకట్టు పెట్టుకునే అధికారం మాకెక్కడిది? పైగా, రంజాన్ మధ్యలో మరొకరిని పిలిచి ఆ మచ్చ మీద మళ్ళీ లప్పం పెట్టించి రంగు వేయించాము. పది రోజులకే మచ్చ తిరిగి వచ్చింది. ప్లంబరును పిలిచి చూపిస్తే, మేడమీది ట్యాంకు నుండి దిగే పైపు గోడ లోపల కారుతోందని తేలింది. నేరం పైపుది, శిక్ష పెయింటరుకు.

చెమట ఆరేలోగా కూలి చేతిలో పడాలన్న ప్రవక్త (సల్లం) ఉపదేశం మనందరికీ కంఠతా వచ్చు, ఉపన్యాసాల్లో గర్వంగా చెప్పుకుంటాము. సహీహ్ బుఖారీలోని ఇంకొక హదీసును అంత తరచుగా చెప్పుకోము. ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడట. ఆయన పేరుతో మాటిచ్చి ద్రోహం చేసినవాడు ఒకడు. స్వేచ్ఛాపరుణ్ణి అమ్ముకు తిన్నవాడు మరొకడు. పూర్తి పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు మూడోవాడు. మనిషిని అమ్మడం పక్కన కూలి ఎగ్గొట్టడాన్ని ఎందుకు నిలబెట్టారో ఆలోచించండి. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడమంటే ఆ కొద్ది రోజులకైనా అతణ్ణి బానిసగా వాడుకోవడమే. వెట్టిచాకిరీని చూసిన తెలంగాణ నేలకు ఈ మాట వివరించనవసరం లేదు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో దూరంగా ఏమీ లేదు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారం దినకూలీకి ఆ రోజు షిఫ్టు ముగిసేసరికి, వారం కూలీకి వారంలో చివరి పనిదినాన, నెలజీతగాడికి మరుసటి నెల ఏడో తేదీ లోపల చెల్లించాలి. భవన నిర్మాణ కార్మికులకు సంక్షేమ బోర్డు ఉంది, పెయింటర్లు కూడా అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. మన మస్జిద్ కమిటీల యువకులు ఒక ఆదివారం కూర్చుని బస్తీలోని పెయింటర్లకు దరఖాస్తులు నింపిపెడితే అదొక మంచి సేవ.

మధ్యలో ఉన్నవాడు

మేస్త్రీల గురించి ఒక మాట చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. నేడు పెద్ద పనులన్నీ మేస్త్రీల ద్వారానే జరుగుతున్నాయి. మేస్త్రీ గుత్తకు తీసుకుంటాడు, కింద పనివారికి రోజుకూలి ఇస్తాడు. ఇందులో తప్పులేదు. ఇంటివారు అతనికి ఆలస్యం చేస్తే, అతను “ఓనరు ఇవ్వలేదు, నేనెక్కడి నుండి తెచ్చేది?” అని పనివారికి ఆలస్యం చేస్తాడు. అయితే ఆ పనివారితో ఒప్పందం చేసుకున్నది మేస్త్రీయే గాని ఇంటివాడు కాదు. లాభం వచ్చినప్పుడు పంచని మేస్త్రీకి నష్టాన్ని పంచే హక్కు లేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాణ్ణి మూడేళ్ళయినా ‘హెల్పరు’ అనే పిలుస్తూ, పూర్తి పెయింటరు పని చేయించుకుంటూ, హెల్పరు కూలే ఇవ్వడం ఈ రంగంలో మామూలైపోయింది. రోలరు పట్టి గది మొత్తం ఒంటరిగా వేయగలిగిన రోజున అతను పెయింటరే.

ఇంటివారు మాత్రం “మేస్త్రీకి ఇచ్చేశాము, ఇక మాకేం సంబంధం?” అనవచ్చునా? శాస్త్రరీత్యా అనవచ్చునేమో. కాని దైవప్రవక్త (సల్లం) ఆచరణ చూడండి. అబూ తైబా (రజి) ఆయనకు రక్తం తీసే చికిత్స చేశారు. అబూ తైబా అప్పటికి బానిస, తన సంపాదనలో కొంత యజమానులకు కట్టవలసి ఉండేది. ప్రవక్త (సల్లం) ఆయనకు కూలిగా ధాన్యం ఇప్పించారు. అంతటితో ఊరుకోలేదు, ఆయన నుండి వసూలు చేసేది తగ్గించమని ఆ యజమానులతో మాట్లాడారు. ఇచ్చిన కూలిలో చివరకు పనివాడి చేతిలో మిగిలేదెంత అన్నది కూడా ఆయన దృష్టిలో ఉంది.

ఇక పెయింటర్లుగా ఉన్న మన సోదరులకు. ముతఫ్ఫిఫీన్ సూరా తూకంలో మోసం చేసేవారి గురించి అవతరించింది. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తక్కువ చేసేవారికి అందులో తీవ్రమైన హెచ్చరిక ఉంది. దుకాణదారుడే తూకం వేస్తాడని అనుకోవద్దు. రెండు కోట్లకు కూలి తీసుకుని ఒక కోటుతో సరిపెట్టినా, కొలత మించి నీళ్ళు కలిపినా, అల్మారా వెనక లప్పం పెట్టకుండా రంగు పూసినా అది తూకంలో దగాయే. ఒక ఇల్లు సగంలో ఉండగా వంద రూపాయలు ఎక్కువ ఇస్తారని మరో ఇంటికి పోవడం కూడా మాట తప్పడమే. పెళ్ళి ముందు ఇల్లు విప్పి పెట్టుకుని కూర్చున్నవారి అవసరం చూసి కూలి రెట్టింపు చేసేవాడికి, అడ్డా మీద మేము చేసినదానికి తేడా ఏముంది?

రంగు డబ్బాల్లో వచ్చే టోకెన్ల సంగతి చాలామంది మమ్మల్ని అడిగారు. కంపెనీలు పెయింటర్లను ఆకట్టుకోవడానికి డబ్బాలో టోకెను పెడతాయి, దుకాణంలో ఇస్తే డబ్బు వస్తుంది. డబ్బా డబ్బులు ఇంటివారివి. టోకెను ఎవరిది? ఉర్వా బారిఖీ (రజి) ఉదంతం ఇక్కడ దారి చూపుతుంది. గొర్రె కొనుక్కురమ్మని ప్రవక్త (సల్లం) ఆయనకు ఒక దీనారు ఇస్తే, ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకటి దీనారుకు అమ్మి, గొర్రెను, దీనారును రెంటినీ తెచ్చి ఇచ్చారు. ఒకరి డబ్బుతో, ఒకరి తరఫున కొనేవాడు వచ్చిన లాభాన్ని దాచుకోడు. టోకెను కంపెనీ పెయింటరుకు ఇచ్చే బహుమతి అని వాదించేవారున్నారు, ఆ వాదనలో కొంత బలం ఉంది. కాని టోకెను కోసం అవసరం లేని డబ్బా కొనిపిస్తే, మంచి రంగు వదిలి టోకెను ఎక్కువున్న రంగు చెబితే అది ద్రోహం. మా అభిప్రాయంలో సులువైన దారి ఒకటే. పని మొదలుపెట్టే ముందే “టోకెన్లు నేను తీసుకుంటానండి” అని చెప్పేయండి. ఇంటివారు కూడా న్యాయమైన కూలి ఇస్తూ “అవి నీకే” అనండి. దాచిపెట్టడంలోనే చెడు అంతా ఉంది. కూలి బాగా కోసే ఇళ్ళల్లోనే టోకెన్లు ఎక్కువ మాయమవుతాయని ఒక దుకాణదారుడు మాతో నవ్వుతూ అన్నాడు.

ఆ దుకాణదారుని దగ్గరికి మేము వెళ్ళింది మా పెయింటరు ఆచూకీ కోసమే. రంజాన్ ఆఖరి వారంలో కవరు తీసి, రెండు వేలకు మరో 1,800 కలిపాము. రోజుకు రెండు వందల చొప్పున తొమ్మిది రోజులకు. మనిషి దొరక్కపోతే అతని పేరున దానం చేయాలని, తర్వాత ఎప్పుడైనా వచ్చి అడిగితే మళ్ళీ ఇవ్వాలని ఉలమాలు చెబుతారు. కాని వెతకకుండా దానం చేయడం బాధ్యత వదిలించుకోవడమే అవుతుంది. అడ్డా మీద రెండు ఉదయాలు అడిగాము. ఎవరికీ తెలియదు. చివరకు ఆ దుకాణదారుడే, “ఆ శ్రీకాకుళం అబ్బాయా? ఫోను పోగొట్టుకున్నాడు. దమ్మాయిగూడలో ఒక అపార్ట్‌మెంటు పని చేస్తున్నాడు” అని చెప్పాడు.

వెళ్ళేసరికి అతను మూడో అంతస్తు దగ్గర జూలా మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి, మచ్చ గురించి అడగడానికి వచ్చామనుకున్నాడు కాబోలు, దిగుతూనే “మా నాన్నకు బాగోలేక ఊరెళ్ళాను సార్, ఈ ఆదివారం వచ్చి సరిచేస్తాను” అన్నాడు. పైపు సంగతి చెప్పాము. క్షమించమని అడిగి కవరు ఇచ్చాము. చేతుల లప్పం ప్యాంటుకు తుడుచుకుని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

“ఇందులో పద్దెనిమిది వందలు ఎక్కువున్నాయి సార్.”

“ఎక్కువ కాదు తమ్ముడూ, నువ్వు అడిగిన కూలి అది. ఆ రోజు మేము కోసింది.”

అతను ఏమీ అనలేదు. కాసేపు ఆ నోట్లనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గోడ దగ్గర డబ్బాలో రంగు కలుపుతున్న కుర్రవాణ్ణి పిలిచాడు. మా ఇంట్లో గోడలు రుద్దిన కుర్రవాడే. ఒక ఐదు వందల నోటు, నాలుగు వంద నోట్లు తీసి అతని చొక్కా జేబులో పెట్టాడు. కుర్రవాడు అర్థం కాక చూస్తుంటే, అతను మా వైపు చూడకుండానే అన్నాడు:

“వీడికి మీరు ఆరు వందలు ఇచ్చారు సార్. నేను ఐదొందలే ఇచ్చాను.”